కేసుషీటులో చోటు లేనివి

"రోజుకి అంతమందిని చూస్తారు కదండీ, రాత్రి ఇంటికెళ్లాక మేమెవరమైనా గుర్తుంటామా?" అని అడుగుతుంటారు పేషెంట్లు. మొహమాటానికి "ఎందుకు గుర్తుండరూ" అంటాం గానీ, గుర్తుండేవాళ్లు వేరు, గుర్తుండాల్సినవాళ్లు వేరు. ఫీజు దగ్గర గొడవపడ్డవాడు గుర్తుంటాడు. చెవి దగ్గర సెల్‌ఫోన్ తియ్యకుండానే నాలుక చాపి చూపించినవాడు గుర్తుంటాడు. తలుపు దాకా వెళ్లి, గడియ మీద చెయ్యేసి, "ఇంకో మాట డాక్టరుగారూ" అని ఆగి, మళ్లీ "ఏం లేదులెండి" అని వెళ్లిపోయినావిడ మాత్రం ఇంకో పదిమందిని చూసేసరికి జ్ఞాపకంలోంచి జారిపోతుంది. అసలు రోగం చాలాసార్లు ఆ "ఏం లేదులెండి"లోనే ఉంటుందని ప్రాక్టీసు పెట్టిన ప్రతివాడికీ తెలుసు. తెలిసీ చేసేదేం ఉండదు, అప్పటికే తర్వాతివాళ్లు వచ్చి స్టూలు మీద కూర్చుంటారు.

ఇవాళ్టి కబుర్లు ఆవిడ గురించి. ఇంకాస్త సూటిగా చెప్పాలంటే, ఆవిడ వెళ్లిపోయాక డాక్టరులో మిగిలిపోయేదాని గురించి. దాన్ని రాత్రిపూట నాలుగు ముక్కలు రాసుకునే అలవాటు కొంతమంది డాక్టర్లకి ఉంది. నాకూ ఉంది. ఇదేదో సాహిత్యసేవ అనుకునేరు, కాదు. ఉద్యోగంలో భాగమే, జీతం లేని భాగం.

ఫ్యామిలీ డాక్టరు బతుకులో ఒక తమాషా ఉందండీ. కంటి డాక్టరు శుక్లం తీస్తాడు, గుండె డాక్టరు స్టెంటు వేస్తాడు, కథ కంచికి వెళ్తుంది. మా దగ్గర ఏ కథా కంచికి వెళ్లదు. చంటిపిల్లగా టీకా వేయించుకున్న అమ్మాయి తన చంటిపిల్లని ఎత్తుకుని వస్తుంది. వాళ్ల తాతగారికి బీపీ మాత్రలు ఏళ్ల తరబడి నేనే రాస్తున్నాను, తాగుడు మానేస్తానని ఆయనా అన్నేళ్లుగా నాకు మాటిస్తూనే ఉన్నాడు. మొదలూ చివరా మా చేతిలో ఉండవు. దొరికేవన్నీ మధ్య అధ్యాయాలే. అందులోనూ ఒక్కో అధ్యాయం అయిదారు నిమిషాలు. మధ్యలో నెలలు, ఒక్కోసారి ఏళ్లు ఖాళీ.

కేసుషీటు ఉందిగా, అందులో రాస్తారుగా అంటారు. రాస్తాం. వయసు, బరువు, బీపీ, షుగరు, ఏ మందు ఎంత. అందులో రోగి ఉంటాడు, డాక్టరు ఉండడు. ఉండకూడదు కూడా. ఆస్పత్రిలో చేరిన రోగి రికార్డుని మూడేళ్లు భద్రంగా ఉంచాలనీ, అడిగితే 72 గంటల్లో ఇవ్వాలనీ 2002 నాటి మెడికల్ కౌన్సిల్ నిబంధనలు చెబుతాయి. రేపు కోర్టు బల్ల మీదికి వెళ్లగల కాగితం అది. "ఈయన మాట్లాడుతుంటే నాకెందుకో ఒళ్లు మండింది" అని దాంట్లో రాయలేం. మండడం మాత్రం నిజం. ఆ మంటలో పరీక్ష రెండు నిమిషాలు తగ్గిందనేదీ నిజమే. అది ఎక్కడ రాయాలి మరి?

ఒకావిడ సంగతి చెబుతాను. పేరు మార్చి చెప్పినా మా వీధివాళ్లు ఇట్టే పోల్చేస్తారు కాబట్టి పేరే చెప్పను, కొన్ని వివరాలు కూడా మార్చేశాను. షుగరు బాగా పెరిగి పట్నంలో ఆస్పత్రిలో చేరి, తగ్గాక ఇంటికొచ్చింది. వెంట తెచ్చుకున్న డిశ్చార్జి కాగితంలో "నాన్‌కంప్లయంట్" అని ఉంది. మందు సరిగ్గా వాడని మనిషని దానర్థం. ఇన్సులిన్ ఎలా పొడుచుకోవాలో, ఎప్పుడు తినాలో, సూది ఎక్కడ మార్చాలో మళ్లీ మొదట్నుంచీ చెప్పాను. అన్నిటికీ తలూపింది. లేచి వెళ్తూ, చెంగు సర్దుకుంటూ, "సరేనండీ, ఫ్రిజ్జు వాళ్లదాయె, ఏం చేస్తాం" అంది. బయట ఇంకా జనం ఉన్నారు. బెల్లు కొట్టాను.

రాత్రి పుస్తకం తీసి ఆవిడ గురించి రెండు లైన్లు రాస్తుంటే ఆ మాట దగ్గర చెయ్యి ఆగింది. ఫ్రిజ్జు వాళ్లదా? ఎవరిది? చెవికి తొందరెక్కువ, మాటని పట్టుకుని వదిలేస్తుంది. చెయ్యి అంత తొందరగా వదలదు, ప్రతి మాటనీ మోసుకుంటూ వెళ్లాలి కదా. ఆ వారంలో ఆవిడ బీపీ చూపించుకోడానికి వచ్చినప్పుడు అడిగాను. వాళ్లింట్లో ఫ్రిజ్జు లేదు. ఇన్సులిన్ సీసా చాన్నాళ్లుగా పక్కింటివాళ్ల ఫ్రిజ్జు తలుపులో ఉండేది. రోజూ పొద్దున్నా సాయంత్రం వెళ్లి తెచ్చుకునేది. మునిసిపల్ కుళాయి దగ్గర బిందె ముందు ఎవరిది అన్న పేచీలో రెండిళ్లకీ మాటల్లేకుండా పోయాయి. ఆ తలుపు తట్టడం కన్నా ఇన్సులిన్ మానెయ్యడమే నయమనిపించింది ఆవిడకి. ఆస్పత్రిలో ఎవరూ అడగలేదు, ఆవిడా చెప్పలేదు. "ఇది కూడా డాక్టర్లకి చెప్పే మాటేనాండీ" అంది.

వాడకం మొదలెట్టిన సీసా మరీ వేడి తగలకుండా ఉంటే దాదాపు నాలుగు వారాలు పనిచేస్తుంది, ఫ్రిజ్జే ఉండాలని లేదు. కాకపోతే మన ఎండల్లో మామూలు గది కూడా వేడే. అందుకని ఆవిడకి ఒక ఉపాయం చెప్పాను. పెద్ద మట్టికుండలో తడి ఇసక, ఆ ఇసకలో చిన్న ముంత, ముంతలో ప్లాస్టిక్ సంచీలో చుట్టిన సీసా, పైన తడిగుడ్డ. ఇసక మీద రోజుకి రెండుసార్లు నీళ్లు చిలకరిస్తే చాలు. కొత్త మందు రాయలేదు, మోతాదు మార్చలేదు. షుగరు దారికొచ్చింది. ఇందులో నా తెలివేమీ లేదు, పనంతా ఆ రెండు లైన్లది. పక్కింటివాళ్లతో మాటలు కలిశాయా అంటారా, నాకు తెలిసి ఇంకా లేదు.

సరే, డాక్టర్లు రాయడం కొత్తా? రష్యన్ కథకుడు చేహోవ్ 1884లో డాక్టరీ పట్టా పుచ్చుకున్నాడు. ఇరవై ఏళ్ల తర్వాత క్షయతో పోయేదాకా కథలూ రాశాడు, రైతులకి మందులూ ఇచ్చాడు. 1890లో సఖలీన్ దీవికి వెళ్లి అక్కడి ఖైదీల్ని ఒక్కొక్కర్నీ పలకరించి వేలకొద్దీ కార్డులు స్వయంగా నింపాడంటే, అదేం రచయిత చాపల్యం కాదు, కేసు రాసుకునే డాక్టరు అలవాటే. మన కేశవరెడ్డిగారు డిచ్‌పల్లి కుష్ఠురోగుల ఆస్పత్రిలో పనిచేస్తూ 'అతడు అడవిని జయించాడు' రాశారు. వీళ్ల పేర్లు చెబితే మామూలు డాక్టర్లు జడుసుకుంటారు. "అయ్యా, వాళ్లు రచయితలు. నాకు సెలవు చీటీ రాయడమే గగనం" అంటారు. ఆ మాటా నిజమే. అందుకని వీళ్లని ఇక్కడితో వదిలేసి, ఒక్కడి దగ్గర మాత్రం ఆగుతాను.

విలియం కార్లోస్ విలియమ్స్ అని అమెరికాలో పెద్ద కవి. ఆయన అసలు వృత్తి న్యూజెర్సీలో రదర్‌ఫర్డ్ అనే చిన్న ఊళ్లో ప్రాక్టీసు. నలభై ఏళ్లకి పైగా కార్మికుల ఇళ్ల చుట్టూ తిరిగాడు, పురుళ్లు పోశాడు, పిల్లల్ని చూశాడు. ఒక పేషెంటుకీ ఇంకో పేషెంటుకీ మధ్య దొరికిన సందులో, బల్లలో దాచిన టైపు మిషను పైకి లాగి రెండు లైన్లు కొట్టుకునేవాడు. ఆయన రాసిన కథ ఒకటుంది, 'ద యూజ్ ఆఫ్ ఫోర్స్' అని. నాలుగైదు పేజీలే. డిఫ్తీరియా, అదే మన పాతవాళ్లు కంఠసర్పి అనేవారు చూడండి, అది ఊళ్లో తిరుగుతున్న రోజులు. ఒకింట్లో చిన్నపిల్లకి జ్వరం. గొంతు చూడాలి, పిల్ల నోరు తెరవదు. డాక్టరు బుజ్జగిస్తాడు. పిల్ల ఎగిరి ఆయన కళ్లజోడు ఊడగొడుతుంది. తల్లీ తండ్రీ ఒకవైపు సిగ్గుపడుతూ, ఇంకోవైపు పిల్లని గట్టిగా పట్టుకోలేక, గాభరాగా అడ్డం పడుతుంటారు. ఆఖరికి డాక్టరు చెంచాతో బలవంతంగా పళ్ల సందు తెరుస్తాడు, నోట్లో నెత్తురు. చూస్తే టాన్సిల్స్ నిండా తెల్లపొర. మూడు రోజులుగా ఆ పిల్ల గొంతునొప్పి దాచిపెడుతోందన్నమాట.

వైద్యం పరంగా చూస్తే ఆయన చేసింది సబబే, చూడకపోతే పిల్ల ప్రాణానికే ముప్పు. కేసుషీటు రాస్తే "గొంతులో పొర ఉంది" దగ్గర అయిపోతుంది. కథలో ఆయన రాసింది వేరే. ఆ పెనుగులాటలో తనకి నిజంగా కోపం వచ్చిందనీ, పిల్ల క్షేమం సంగతి మరిచి, ఎలాగైనా గెలవాలన్న పంతం పట్టిందనీ, అందులో ఏదో సుఖం కూడా ఉందనీ రాశాడు. ఈ మాట ఒప్పుకోడానికి ఎంత గుండె కావాలో ఏడ్చే పిల్లాడి నోట్లో టార్చి వేసి చూసిన ప్రతి డాక్టరుకీ తెలుస్తుంది. మా వృత్తిలో ఆత్మపరిశీలన అంటూ ఉంటే అది ఇదే. రోగం గురించి కాదు, ఆ గదిలో నాకేమైంది అన్నదాని గురించి.

ఇదే ప్రశ్నని పద్ధతిగా అడిగినవాడు మైకేల్ బాలింట్. బుడాపెస్టులో పుట్టాడు, తండ్రి అక్కడ మామూలు ప్రాక్టీసు చేసుకునే డాక్టరు. కొడుకు మానసిక విశ్లేషణ వైపు వెళ్లి లండన్ చేరాడు. 1950ల్లో అక్కడి టావిస్టాక్ క్లినిక్‌లో కొంతమంది ఫ్యామిలీ డాక్టర్లని వారం వారం కూర్చోబెట్టి, ఒక్కొక్కర్నీ తమని సతాయిస్తున్న ఒక్క పేషెంటు గురించి చెప్పమనేవాడు. కాగితాలు చూడకూడదు. గుర్తున్నది గుర్తున్నట్టు చెప్పాలి. ఏది మరిచిపోయారో, ఎక్కడ గొంతు పెరిగిందో, అదీ లెక్కలోకే వస్తుంది. 1957లో ఆయన రాసిన పుస్తకంలో మా అందరికీ చురక లాంటి మాటలున్నాయి. డాక్టరు ఇచ్చే మందుల్లో అన్నిటికన్నా ఎక్కువగా వాడేది డాక్టరునే అనీ, దాని మోతాదెంతో, దుష్ఫలితాలేమిటో ఏ పుస్తకమూ చెప్పదనీ ఆయన వాదన.

ఆయన ఇంకోటి కూడా పట్టుకున్నాడు. ఒకే రోగి నలుగురు స్పెషలిస్టుల మధ్య తిరుగుతుంటే, ముఖ్యమైన నిర్ణయం ఎవరు తీసుకున్నారో ఎవరికీ తెలియకుండా పోతుందని. ఇది లండన్ సంగతి అనుకుంటున్నారా? మా క్లినిక్‌కొచ్చి ఓ అరగంట కూర్చోండి. ప్లాస్టిక్ సంచీలో అయిదు ఫైళ్లు, రెండు స్కానులు, మూడు ఊళ్ల రిపోర్టులు పట్టుకుని ఒకావిడ వస్తుంది. ఇలాంటావిడ ప్రతి క్లినిక్‌లోనూ ఉంటుంది. ఒళ్లంతా మంటలు, అరికాళ్లలో తిమ్మిర్లు, గుండెల్లో దడ, నిద్ర లేదు. అన్నీ నార్మల్. ఆవిడ గుమ్మంలో కనపడగానే డాక్టరు భుజాలు కిందికి జారతాయి. బాలింట్ చెప్పేదేమిటంటే, ఆ జారడాన్ని కూడా ఒక లక్షణంగానే రాసుకోండి. ఆవిణ్ణి చూస్తే మీకు నీరసం వస్తోందంటే, ఆ నీరసం ఆవిడ మోసుకొచ్చిందే కావచ్చు, ఇంట్లో ఆవిడకున్నదే మీ గదిలోకి వచ్చి ఉండొచ్చు. ఇది రాసుకున్నవాడు మర్నాడు "అన్నీ నార్మలేనమ్మా" అనడానికి బదులు "ఇంట్లో ఎవరెవరు ఉంటారమ్మా" అని అడుగుతాడు. అడిగాక ఓ పావుగంట పోతుందని ముందే చెబుతున్నాను. బయట బెంచీ మీదివాళ్లు కంపౌండరుని సతాయిస్తారు.

న్యూయార్క్‌లో కొలంబియా యూనివర్సిటీలో రీటా చారన్ అనే డాక్టరు 1993 నుంచి వైద్యవిద్యార్థులకి ఒక చిన్న పని అప్పజెబుతూ వచ్చింది. ఆస్పత్రి చార్టులో రాయాల్సింది అక్కడే రాయండి. అందులో రాయకూడనిది, కానీ ఎక్కడో ఒకచోట రాసి తీరాల్సింది, పక్కన ఇంకో కాగితం మీద రాయండి. దానికి సమాంతర చార్టు అని పేరు. వాళ్ల తాత పోయిన జబ్బే ఈ రోగికీ ఉంటే, ఆ మంచం దగ్గరికి వెళ్లినప్పుడల్లా విద్యార్థికి కళ్లు చెమరుస్తాయి, అది చార్టులో పడదు కదా. కాగితం మీద పడ్డాక మాత్రం అది తాత తాలూకు దుఃఖమా, ఈ రోగి తాలూకు దుఃఖమా అన్నది కాస్త విడిపడుతుంది.

ఇంత పెద్దగా రాయడానికి టైమెక్కడిదీ అంటారా, ఫ్యామిలీ డాక్టర్లకి తగ్గ కొలత కూడా ఉంది. సరిగ్గా 55 మాటల్లో ఒక రోగిని రాయడం. అమెరికాలో రాచెస్టర్‌లో ఫ్యామిలీ మెడిసిన్ చెప్పే కొలీన్ ఫోగర్టీ 2010లో దీని గురించి రాసింది, ఫ్యామిలీ మెడిసిన్ క్లాసుల్లో ఇది ఇప్పుడు బాగానే చెలామణిలో ఉంది. ముందు మనసుకొచ్చింది రాసెయ్యడం, తర్వాత 55కి కత్తిరించడం. కత్తిరించేటప్పుడే తెలుస్తుంది, ఏ మాట రోగిది, ఏ మాట మన గొప్ప కోసం పెట్టింది అని. నా పుస్తకంలోంచి ఒకటి, ఆనవాళ్లు చెరిపి:

తాతకి షుగరు మూడొందలు దాటింది. "మామిడిపండు తిన్నావా?" "లేదు బాబూ." మీసం మీద పసుపు రసం ఎండి ఉంది. తిట్టాను. మందు పెంచాను. తలూపాడు. వెళ్తూ బల్ల మీద సంచీ పెట్టాడు. "మా పెరటి చెట్టువి. ముసల్ది నాటింది. నిరుడు పోయింది. ఇదే తొలి కాపు." చీటీ వెనక్కి తీసుకున్నాను. మందు అలాగే ఉంచాను. కింద "రోజుకో ముక్క, అన్నం తగ్గించి" అని రాశాను. చదివించుకుని నవ్వాడు. సంచీలోంచి ఒక పండు తీసి తన జేబులో వేసుకున్నాడు.

లెక్కపెట్టుకోండి కావాలంటే, 55. మొదటి రూపంలో ఇది ఒక పేజీ ఉంది. అందులో వృద్ధాప్యం మీదా, ఒంటరితనం మీదా నా ఉపన్యాసం ఓ అరపేజీ. అదంతా కత్తెరకి పోయింది, తాతకి ఏ లోటూ రాలేదు. ఇంకో సంగతి, జేబులో వేసుకున్న ఆ ఒక్క పండు రాసేదాకా నాకు ముఖ్యం అనిపించలేదు. మిగతావి డాక్టరుకి, ఒకటి ముసలావిడ గుర్తుగా తనకి. అది "చాటుగా తినడానికి" అని రాద్దామనుకుని కొట్టేశాను, నాకేం తెలుసు?

రాస్తే డాక్టరుకి ఒరిగేదేమిటి అని లెక్కలడిగేవాళ్లూ ఉంటారు. పెన్నెబేకర్ అనే అమెరికన్ సైకాలజిస్టు ఒక తోటి పరిశోధకురాలితో కలిసి 1986లో ఒక ప్రయోగం అచ్చువేశాడు. కాలేజీ పిల్లల్ని వరసగా నాలుగు రోజులు, రోజుకి పావుగంట, తమని బాగా కలచివేసిన సంగతి గురించి రాయమన్నారు. రాసిన వెంటనే వాళ్ల మనసు ఇంకా బరువెక్కింది. తర్వాతి ఆరునెలల్లో మాత్రం వాళ్లు ఆరోగ్యకేంద్రానికి వెళ్లడం తగ్గింది. తర్వాత ఇలాంటి ప్రయోగాలు చాలానే జరిగాయి, అన్నీ కలిపి చూస్తే లాభం ఉంది గానీ చిన్నదే. నేనైతే దీన్ని మందుగా అమ్మను. ఇన్సులిన్ ఆవిడ విషయంలో పనికొచ్చింది చూశారా, ఆ లాభం చాలు నాకు.

ఇక అసలు పేచీకొద్దాం. మంచిదని తేలిన ప్రతిదాన్నీ కంపల్సరీ చెయ్యడం పెద్దల లక్షణం కదా. బ్రిటన్‌లో జీపీ, అంటే ఫ్యామిలీ డాక్టరు, అవ్వాలంటే మూడేళ్ల శిక్షణ, ఆ మూడేళ్లూ ఎలక్ట్రానిక్ పోర్ట్‌ఫోలియోలో ఇలాంటి రాతలు ఎక్కిస్తూ ఉండాలి, సూపర్‌వైజరు చదువుతాడు. శిక్షణ అయిపోయినా వదలదు, ఏటా అప్రైజల్ ఉంటుంది. మన గుంటూరు నుంచీ, వరంగల్ నుంచీ ప్లాబ్ పరీక్ష రాసి వెళ్లినవాళ్లు అక్కడ బోలెడుమంది జీపీలు. వాళ్లని అడగండి, ఆదివారం రాత్రి పదకొండింటికి, గడువు దగ్గరపడ్డాక, "ఈ సంఘటన నుంచి నేను నేర్చుకున్నదేమనగా" అని మొదలుపెట్టడం ఎంత సుఖమో. సూపర్‌వైజరుకి నచ్చేలా కొంచెం తడబాటు, కొంచెం పశ్చాత్తాపం, చివర్లో మంచి పాఠం. జరిగింది వేరు, రాసింది వేరు.

2018లో ఆ పోర్ట్‌ఫోలియోల మీద భయం కూడా తోడైంది. 2011లో లెస్టర్‌లో ఒక ఆరేళ్ల బాబు చనిపోయిన కేసులో శిక్షణలో ఉన్న పిల్లల డాక్టరుకి శిక్ష పడింది, 2018 జనవరిలో ఆమె పేరు రిజిస్టరు నుంచి కొట్టేశారు. ఆమె రాసుకున్న ఆత్మపరిశీలనే ఆమె మీదికి వచ్చిందన్న మాట డాక్టర్లలో గుప్పుమంది. ఆ పోర్ట్‌ఫోలియోని జ్యూరీ ముందు పెట్టలేదని ఆమె తరఫు రక్షణ సంస్థే చెప్పినా ఎవరూ వినిపించుకోలేదు. ఆగస్టులో అప్పీలు కోర్టు ఆమె పేరుని మళ్లీ రిజిస్టర్లోకి తెచ్చింది. ప్రభుత్వం వేయించిన సమీక్ష, ఇలాంటి రాతల్ని డాక్టర్ల నుంచి బలవంతంగా అడిగే అధికారం నియంత్రణ సంస్థకి ఉండకూడదని సిఫార్సు చేసింది. ఇన్ని జరిగినా, ఒకసారి జంకిన చెయ్యి మళ్లీ మనసువిప్పి రాయమంటే రాస్తుందా?

మన దగ్గర 2019 నుంచి ఎంబీబీఎస్ కొత్త పాఠ్యప్రణాళిక వచ్చింది. రోగితో ఎలా మాట్లాడాలి, ఎలా మెలగాలి అనే పాఠాలు అందులో చేర్చారు. చాలా మంచి పని, మా కాలంలో అదేం లేదు, సీనియర్ల తిట్లే పాఠ్యపుస్తకం. ఆ పాఠాలకి తోడు లాగ్‌బుక్‌లో మూడు ప్రశ్నలు: ఏం జరిగింది, అయితే ఏమిటి, ఇకమీదట ఏం చేస్తావు. ప్రశ్నలు బంగారంలాంటివి. కాకపోతే సంతకం కావాలి కాబట్టి, హాస్టల్లో ఒకడు రాస్తే మిగతావాళ్లు కాపీ కొడతారు. మొత్తం బ్యాచికి ఒకే రోగిని చూసి ఒకే చోట కన్నీళ్లు వస్తాయి. పిల్లల్ని తప్పుపట్టను. సంతకం పెట్టేవాడు చదువుతాడని తెలిశాక పంతం, అసూయ, అసహ్యం, భయం ఎవరు రాస్తారు? విలియమ్స్ కూడా ఆ కథని సూపర్‌వైజరు సంతకం కోసం రాసి ఉంటే, పిల్లని బుజ్జగించి నోరు తెరిపించినట్టు రాసేవాడేమో.

నా పక్షం ఇదీ: మొదలుపెట్టడం ఎలాగో నేర్పండి, నేర్పి వదిలెయ్యండి. చూపించమని అడగొద్దు. చూపించాలనిపిస్తే తనకి నమ్మకమున్న ఇద్దరు ముగ్గురు తోటి డాక్టర్ల దగ్గర వాడే చదువుతాడు.

రాయాలనుకునే తమ్ముళ్లకీ చెల్లెళ్లకీ నాలుగు మాటలు చెప్పి ముగిస్తాను. ఫోన్లో రాయకండి. ఫోను మీదొక్కరిదే అనుకుంటున్నారు గానీ అది ఎక్కడెక్కడికి పంపుతుందో మీకు తెలీదు, అబ్బాయి గేమ్ ఆడుకుంటానని ఎప్పుడు లాక్కుంటాడో అసలే తెలీదు. డాక్టర్ల వాట్సాప్ గ్రూపులో అయితే చచ్చినా పెట్టకండి. పేరు కొట్టేసి ఎక్స్‌రే పెడితే చాలనుకుంటారు. చిన్న ఊళ్లో "ఎడమచెయ్యి లేని పోస్ట్‌మాస్టరు" అన్నాక పేరెందుకు? రోగి పేరు, ఊరు, తేదీ పుస్తకంలోనూ వద్దు. రోగి అన్న ఒక్క మాటని మాత్రం అతను అన్నది అన్నట్టే రాయండి, బాగుచెయ్యకండి. నిర్ధారణ రాయకండి, అది కేసుషీటులో ఉంది. మీకు చిరాకేసిందా, భయమేసిందా, ఆయన చెప్పులు చూసి మీ నాన్న గుర్తొచ్చాడా, అది రాయండి. ఏదైనా పొరపాటు జరిగి వ్యవహారం తేడాగా ఉంటే మాత్రం ముందు చెయ్యాల్సింది కేసుషీటులో జరిగింది జరిగినట్టు రాసి, పెద్ద డాక్టరుకీ రోగి తాలూకు వాళ్లకీ చెప్పడం. పుస్తకం దానికి బదులు కాదు, దాక్కునే చోటూ కాదు. రోజూ రాయాలని ఒట్టుపెట్టుకోకండి, వారానికి ఒకరు చాలు. ఏ రోజు ఎవరూ మనసులో మిగలకపోతే ఆ రోజు హాయిగా అన్నం తిని పడుకోండి.

రాత అన్నిటికీ విరుగుడు కాదని కూడా చెప్పాలి. జాన్ బెర్జర్ 1967లో ఇంగ్లండులోని ఒక పల్లెటూరి డాక్టరు గురించి పుస్తకం రాశాడు, జాన్ మోర్ ఫొటోలు తీశాడు, పేరు 'ఎ ఫార్చునేట్ మ్యాన్'. ఊరందరి బాధా తనదిగా మోసిన డాక్టరు ఆయన. డాక్టరీ చదివే పిల్లలకి చదవమని చాలామంది చెప్పే పుస్తకం. ఆ డాక్టరు 1982లో తన ప్రాణం తానే తీసుకున్నాడు. మీ పుస్తకంలో వరసగా నిద్రపట్టలేదన్న మాటే కనిపిస్తోందనుకోండి, ఇంకో పేజీ రాయొద్దు. మీ పేషెంటుకి ఏం చెబుతారో అదే చెయ్యండి, వెళ్లి ఇంకో డాక్టరుకి చూపించుకోండి. డాక్టర్లకి ఈ సలహా ఇవ్వడం ఎంత కష్టమో పేషెంటుగా వచ్చిన డాక్టర్ని చూసినవాళ్లకే తెలుసు, వాడి మందులు వాడే రాసుకుని సంతకం మాత్రం మనల్ని పెట్టమంటాడు.

పుస్తకం నిండాక ఏం చెయ్యాలని ఒక కుర్ర డాక్టరు అడిగాడు. చించి పారెయ్యమన్నాను. నేను మాత్రం చించలేదు, బీరువాలో ఉన్నాయి. నా తర్వాత తీసి తగలబెట్టమని ఇంట్లో చెప్పి ఉంచాను. ఈలోపు వాళ్లు చదువుతారేమోనన్న భయం పెద్దగా లేదు. నా చేతిరాత చదవగలిగినవాడు ఈ ఊరు మొత్తానికీ ఒక్కడే, మా క్లినిక్ పక్కన మందుల షాపతను. అతని కంట పడకుండా చూసుకుంటే చాలు.